బోర్డు ఎంత ఎత్తులో పెట్టించాలి? ముందు మంచం ఎత్తు కొలవండి

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. అనంతపురం పాతూరులో నలభై ఏళ్ల నాటి ఇల్లు. బయటి గోడలు రాతివి, లోపలివి ఇటుకవి. నేల తాడిపత్రి బండలు. వాటి మీదే టైల్స్ వేయించబోతున్నారు. మీరు బెంగళూరులో, అమ్మానాన్నలు ఈ ఇంట్లో. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. సెలవులకు మీ రెండేళ్ల పాప వస్తుంది. ఎలక్ట్రీషియన్ ‘బోర్డులన్నీ నాలుగున్నర, ప్లగ్గులన్నీ అడుగు’ అంటున్నాడు. ఇంటీరియర్ పని తెలిసిన మీ బంధువు బోర్డులకు మూడడుగులు చాలంటున్నారు. పైగా వానాకాలంలో వీధిలోకి నీళ్లు వస్తాయి కాబట్టి ప్లగ్గులన్నీ పైకి ఎత్తేయాలా అని మీ అనుమానం.

నేను అనంతపురం, కర్నూలు వైపు ఇళ్ల వైరింగ్ పనులు చాలాకాలంగా చేయిస్తున్నవాడిని. సూటిగా చెబుతాను: మీ ఇంటికి ఇద్దరి మాటా సరిపోదు. తలుపు పక్కన ఉండే స్విచ్ బోర్డుల అడుగు అంచు, అంటే కింది అంచు, మూడున్నర అడుగుల ఎత్తులో పెట్టించండి. సోఫా పక్క, గది మూలల్లోని ప్లగ్గులు అడుగున్నర. మంచం పక్క బోర్డు రెండడుగుల నాలుగు అంగుళాలు. వంటగదిలో గట్టు మీద నుంచి ఎనిమిది, తొమ్మిది అంగుళాలు. గీజర్, ఏసీ ప్లగ్గులు ఏడడుగులు. ఇవన్నీ కొత్త టైల్స్ పై అంచు నుంచి కొలవాలి, ఇప్పుడున్న బండల మీద నుంచి కొలవకూడదు. ఈ ఒక్క మాట మీ ఎలక్ట్రీషియన్‌కు ముందే గట్టిగా చెప్పండి.

ఇక కారణాలు.

పాత ఇళ్లలో బోర్డులు ఐదడుగుల ఎత్తున ఎందుకు ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. చెక్క బోర్డు, నల్లటి బేకలైట్ స్విచ్చులు, టేకు పట్టీ మీద క్లిప్పులతో బిగించిన వైర్లు. పిల్లల చెయ్యి అందకూడదని పైకి పెట్టేవారు. ప్లగ్ కూడా ఆ బోర్డు మీదే ఒకటి ఉండేది. ఇంట్లో రేడియో, ఇస్త్రీ పెట్టె తప్ప తగిలించేవి లేవు కాబట్టి సరిపోయింది. నాలుగున్నర అడుగుల లెక్క ఆ అలవాటు కొంచెం కిందికి దిగగా మిగిలినదే. అది తప్పేమీ కాదు, నిలబడి ఉన్న మనిషికి హాయిగానే అందుతుంది. కానీ చేతికర్ర పట్టుకుని నడిచేవారికి, కుర్చీలోంచి సగం లేచి స్విచ్ వేయాలనుకునేవారికి, రేపు ఎప్పుడైనా చక్రాల కుర్చీ అవసరం పడితే దానిలో కూర్చున్నవారికి మూడున్నర అడుగులే సుఖం. చెయ్యి భుజం పైకి ఎత్తాల్సిన పని ఉండదు. ఇంకా తగ్గించి మూడడుగులకు దించితే ఇబ్బంది వేరే వైపు నుంచి వస్తుంది: కుర్చీ వీపులు, బల్లలు, బీరువా పక్కన చేర్చే సామాన్లు అన్నీ బోర్డుకు అడ్డం పడతాయి. మీ బంధువు చూపిన ఫోటోల్లో గోడలు ఖాళీగా ఉంటాయి. మన ఇళ్లలో గోడలు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయి?

కింది ప్లగ్గులు అడుగు ఎత్తులో పెట్టడం మా వాళ్లందరికీ అలవాటు. మీ ఇంట్లో అడుగున్నర అన్నది రెండు కారణాలతో. నాన్నగారు వంగే దూరం ఆ మేరకు తగ్గుతుంది. రెండోది, మనం పండగలకు నేలను బకెట్లతో నీళ్లు పోసి కడుగుతాం. గోడ అడుగున వేసే టైల్స్ పట్టీ, స్కర్టింగే నాలుగు అంగుళాలు ఉంటుంది. ఆరు అంగుళాల్లో ప్లగ్ పెట్టిన కొత్త ఇళ్లు కూడా చూశాను, చీపురుతో నీళ్లు తోసినప్పుడల్లా సాకెట్ రంధ్రాల్లోకి చినుకులు ఎగురుతున్నాయి. నాన్నగారు రోజూ ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే చోటు ఏదో అడిగి తెలుసుకోండి. ఆ ఒక్కచోట మాత్రం రెండున్నర అడుగులకు ఎత్తించండి. మిగిలినచోట్ల ఎప్పుడో ఒకసారి వాడేవాటికి అంత పట్టింపు అక్కర్లేదు.

మంచం దగ్గర మాత్రం ఎవరి లెక్కా నమ్మకండి, టేపు తీసుకోండి. పరుపుతో కలిపి మంచం ఎత్తు సాధారణంగా రెండడుగులకు అటూ ఇటూ వస్తుంది. పక్కన పెట్టే చిన్న బల్ల కూడా దాదాపు అంతే. దానికి నాలుగైదు అంగుళాల పైన బోర్డు ఉంటే పడుకుని చెయ్యి చాస్తే చాలు. కానీ తలవైపు చెక్క ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అన్నది చూడాలి. కర్నూలులో ఒక ఇంట్లో మంచానికి రెండు పక్కలా ముచ్చటగా బోర్డులు పెట్టించుకున్నారు. గృహప్రవేశమయ్యాక వడ్రంగి తెచ్చిన మంచానికి తల వైపు చెక్క నాలుగడుగుల ఎత్తు, గోడకు ఆ చివర నుంచి ఈ చివర దాకా. రెండు బోర్డులూ దాని వెనక్కి పోయాయి. ఇప్పుడు ఆ ఇంట్లో తలగడ పక్కన ఎక్స్‌టెన్షన్ పెట్టె వేలాడుతూ ఉంటుంది. అందుకే మంచం కొనకముందైనా దాని కొలతలు తేల్చుకోండి. మంచం అంచుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పక్కకు జరిపి బోర్డు పెట్టించండి. దానిలో గది లైటుకు టూ వే స్విచ్ (తలుపు దగ్గర వేసి ఇక్కడ ఆర్పగలిగేది), ఫ్యాన్ రెగ్యులేటర్, రెండు ప్లగ్గులు ఉంటే నాన్నగారు రాత్రి లైటు ఆర్పడానికి లేవనక్కర్లేదు. మంచం నుంచి బాత్‌రూమ్ దారిలో అడుగు ఎత్తున చిన్న నేల లైటు ఒకటి పెట్టించి, దాని స్విచ్ కూడా ఇక్కడే ఇవ్వండి. అమ్మానాన్నల కోసం ఈ పనిలో ఒక్కటే అదనపు ఖర్చు పెట్టగలిగితే అది దీనికే పెట్టమంటాను.

వంటగది విషయంలో ఎత్తు కంటే పక్కదూరం ముఖ్యం. గట్టు ముప్పై మూడు అంగుళాలు అనుకుంటే, దానికి తొమ్మిది అంగుళాల పైన ప్లగ్ అడుగు అంచు వస్తే మిక్సీ జారు వెనుక నుంచి చెయ్యి పోతుంది, గట్టు కడిగిన నీళ్లూ తగలవు. పొయ్యికీ సింకుకీ రెండువైపులా కనీసం రెండడుగులు వదలండి. పొయ్యి పైన ప్లగ్ పెడితే ఆవిరి, నూనె జిడ్డు పట్టి కొన్నాళ్లకు సాకెట్ పసుపు రంగుకు మారి పెళుసెక్కుతుంది. మిక్సీ తీగ పొడవు తక్కువ, కాబట్టి దానికి చోటు నిర్ణయించుకున్నాకే ప్లగ్ గుర్తు పెట్టించండి. ఓవెన్, ఇండక్షన్ పొయ్యి వాడేచోట 16 ఆంప్స్ సాకెట్ ఉండాలి. చిమ్నీకి ఏడడుగుల ఎత్తున, దాని గొట్టానికి పక్కగా. నీటి శుద్ధి యంత్రానికి ఐదడుగులు, యంత్రం కింద కాకుండా పక్కన. కారితే నీళ్లు నేరుగా ప్లగ్ మీద పడకూడదు.

ఫ్రిజ్ వెనక ప్లగ్ పెట్టే అలవాటు నాకు అస్సలు నచ్చదు. దాన్ని తీయాలంటే ఫ్రిజ్ జరపాలి, ఆ పని చేయగలవాళ్లు మీ ఇంట్లో ఎవరున్నారు? ఫ్రిజ్ పక్క గోడకు నాలుగడుగుల ఎత్తులో స్విచ్‌తో సహా పెట్టించండి. మన వైపు వోల్టేజ్ ఎగుడుదిగుడులకు చాలామంది ఇంకా స్టెబిలైజర్ వాడుతున్నారు. మీరూ వాడేట్లయితే ఆరడుగుల దగ్గర దానికి చిన్న అర ఉంచి, ప్లగ్ దాని పక్కన ఇవ్వండి.

టీవీకి గోడ మీద మూడున్నర, నాలుగు అడుగుల మధ్య, సరిగ్గా టీవీ నడుమ వెనుక వచ్చేలా చూడండి. అక్కడి నుంచి కింది అర దాకా గోడలోనే రెండు అంగుళాల ఖాళీ గొట్టం ఒకటి దించితే కేబుళ్లు వేలాడవు. వాషింగ్ మెషీన్‌కు నాలుగడుగులు, కుళాయికి నేరుగా పైన వద్దు.

కూలర్ సంగతి ఎవరూ అడగరు, మీరూ అడగలేదు. అనంతపురంలో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటని ఏడు అరుదు. మీ ఇంట్లో ఏసీ పెట్టినా కూలర్ మాయం కాదు. దానిలో నీళ్లు పోసేది పైపుతో. ఇనుప డొక్కు కూలర్‌కు ఎర్త్ సరిగా లేక, నీళ్లు నింపుతూ చెయ్యి తగిలి షాక్ కొట్టిన సంఘటనలు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. కాబట్టి కూలర్ పెట్టే కిటికీ పక్కన, నీళ్ల తొట్టి మట్టం కంటే పైకి, అంటే మూడున్నర అడుగుల ఎత్తులో ప్లగ్ ఇవ్వండి. కిటికీకి ఒక అడుగు పక్కకు జరిపి, పైపు పట్టుకుని వచ్చే మనిషికి ముందు స్విచ్ కనబడే వైపు ఉండాలి. ప్లగ్ కూలర్ వెనకుంటే ఎవరూ ఆపరు. నీళ్లు పోసేముందు ఆపాలన్న నియమం అందరికీ తెలుసు, కానీ స్విచ్ చేతికందే చోట ఉన్నప్పుడే అది నడుస్తుంది.

బాత్‌రూమ్‌లో గీజర్‌కు ఏడడుగుల ఎత్తున, గీజర్ పక్కన, షవర్ నుంచి రెండడుగులైనా దూరంగా 16 ఆంప్స్ ప్లగ్. దాని స్విచ్ బాత్‌రూమ్ బయట, ఎర్ర సూచిక దీపంతో. అద్దం పక్కన గడ్డం గీసుకునే యంత్రానికి ప్లగ్ కావాలంటే నాలుగున్నర అడుగులు, మూత ఉన్న సాకెట్ పెట్టాలి, తడి తగిలే మూలకు దూరంగా ఉండాలి.

ఏసీ లోపలి భాగం ఏడున్నర అడుగుల దగ్గర వస్తుంది. ప్లగ్ దాని పక్కన ఏడడుగుల్లో, నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు ఎంసీబీ పెట్టె (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్చులుండే పెట్టె) నుంచి విడిగా రావాలి. ఇప్పుడు ఏసీ కొనకపోయినా గొట్టం, వైరు వేసి ఉంచండి.

ఇప్పుడు మీ ఇంటికి ప్రత్యేకమైన చిక్కు. బండల మీదే టైల్స్ వేస్తే, జిగురుతో అంటిస్తే ముప్పావు అంగుళం లోపు, సిమెంటు మాలు పరచి వేస్తే రెండు అంగుళాల పైన నేల లేస్తుంది. పైగా పాత ఇంట్లో హాలు ఒక మట్టం, గది ఒక మట్టం ఉంటుంది. బండల మీద నుంచి ఒక్కో గదిలో విడివిడిగా కొలిచి బోర్డులు పెడితే, పని అయ్యాక గుమ్మానికి ఇటు బోర్డు ఒక ఎత్తు, అటు బోర్డు ఇంకో ఎత్తు. చూడగానే కన్ను అక్కడే ఆగుతుంది.

మందు సులభం. టైల్స్ మేస్త్రీని, ఎలక్ట్రీషియన్‌ను ఒకే రోజు పిలిపించండి. ముఖద్వారం గడప దగ్గర కొత్త నేల ఎంత వస్తుందో మేస్త్రీ చేత గోడ మీద గీత గీయించండి. అక్కడి నుంచి సరిగ్గా మూడడుగుల పైన మరో గీత. నీళ్ల లెవెల్ పైపులో గాలి బుడగ లేకుండా చూసుకుని, ఒక చివర ఆ గీత దగ్గర ఒకరు పట్టుకుంటే, రెండో చివర ఇంకొకరు గది గదికీ తీసుకెళ్లి నీళ్లు నిలిచిన చోట పెన్సిల్ గుర్తు పెడతారు. ఆ గుర్తుల మధ్య రంగు దారం కొడితే ఇల్లంతా ఒకే గీత వస్తుంది. ఇక ఎవరూ నేల వైపు చూడనక్కర్లేదు. మూడున్నర అడుగుల బోర్డంటే గీతకు ఆరు అంగుళాల పైన, అడుగున్నర ప్లగ్గంటే గీతకు అడుగున్నర కింద. గదుల మధ్య నేల మట్టాలు కావాలనే వేరుగా ఉంచుతుంటే, ఉదాహరణకు బాత్‌రూమ్ పల్లంగా, అప్పుడు కూడా గీత మారదు.

ఇంకో చిన్న విషయం దగ్గరే గొడవలు వస్తాయి: ఎత్తు పెట్టె అడుగు అంచుకా, నడుమకా? ఆరు మాడ్యూళ్ల (ఒక మాడ్యూల్ అంటే ఒక చిన్న స్విచ్ పట్టే చోటు) పెట్టె ఒకే వరుస, పన్నెండు మాడ్యూళ్లది రెండు వరుసలు. నడుమ కొలిస్తే రెంటి అంచులూ కలవవు. అడుగు అంచుకే అని ముందే తేల్చుకోండి. నేను పైన చెప్పిన ఎత్తులన్నీ అడుగు అంచువే.

తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా ముందు చూడాలి. గొళ్లెం ఉన్న వైపే బోర్డు, ద్వారబంధానికి ఆరు, ఎనిమిది అంగుళాల దూరంలో. తలుపు రెక్క వెనక్కి పడే గోడకు బోర్డు పెడితే చీకట్లో గదిలోకి వెళ్లి తలుపు వేసి స్విచ్ వెతుక్కోవాలి. మరమ్మతుల్లో తలుపులు మార్చేటప్పుడు బందులు అటు ఇటు అవుతాయి, ఎలక్ట్రీషియన్‌కు ఎవరూ చెప్పరు.

రాతి గోడల గురించి. మన పాత ఇళ్లలో రాతి గోడలు మట్టితో కట్టినవే ఎక్కువ, అడుగున్నర, రెండడుగుల మందం. వాటికి యంత్రంతో గాడి కొడితే రాయి కదిలి మట్టి రాలుతుంది; గాడి అనుకున్న చోట ఆగదు. అలాంటి గోడకు అడ్డంగా గాడి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వీలైనంత వరకు బోర్డులు ఇటుక గోడల వైపు మార్చండి. తప్పదంటే పైనుంచి నిలువుగా ఒక్క గాడి, లేదా గోడ మీదే ప్లాస్టిక్ పట్టీలో వైర్లు. పట్టీ అంటే చాలామంది మొహం చిట్లిస్తారు. మూలగా, ద్వారబంధం వెంబడి నడిపి గోడ రంగే వేస్తే పెద్దగా కనబడదు, రేపు మార్చుకోవడమూ తేలిక. ఇటుక గోడల్లోనైనా నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదు. నాలుగున్నర అంగుళాల గోడకైతే ఇటు, అటు ఒకే చోట రెండు పెట్టెలు ఎదురెదురుగా పెట్టనివ్వకండి. మధ్యలో గోడే మిగలదు, ఈ గదిలో మాట ఆ గదిలో వినబడుతుంది.

పాప గురించి: ఎత్తు పెంచి పిల్లలను కాపాడే రోజులు పోయాయి. రెండేళ్ల పిల్ల ఇవాళ అందుకోలేనిది వచ్చే సెలవులకు స్టూలు వేసుకుని అందుకుంటుంది. రంధ్రాలకు లోపలి మూత ఉండే సాకెట్లు కొనండి, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్నవి. అంతకంటే ముఖ్యం 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. కరెంటు దారి తప్పి మనిషిలోంచి భూమిలోకి పోతుంటే కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేది అదే. మూడో వైరు లేని పాత వైరింగ్ కాబట్టి ఎర్తింగ్ కొత్తగా వేయించక తప్పదు. రాతినేల, పొడినేల ఉన్న మన ఊళ్లలో ఎర్త్ గుంత తవ్వి వదిలేస్తే సరిపోదు, ఎండాకాలంలో దానిలో నీళ్లు పోస్తూ ఉండాలి, రెసిస్టెన్స్ కొలిపించాలి.

ఇక మీ అసలు భయం, నీళ్లు. 2022 అక్టోబరులో నడిమి వంక పొంగినప్పుడు అనంతపురంలో కాలనీలు మునగడం మీకు తెలిసిందే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు కింది అంతస్తుల్లో బోర్డులు ఏ ఎత్తున ఉన్నాయన్న ప్రశ్నే లేకుండా పోయింది. అంత వరదకు ప్లగ్ ఎత్తు పరిష్కారం కాదు. మీ వీధికి వచ్చేది మోకాలి లోతు అంటున్నారు, ఇంట్లోకి వస్తే అడుగు లోపే ఉంటుంది. అడుగున్నర ఎత్తు దానికి సరిపోతుంది. మొత్తం ప్లగ్గుల్ని మూడడుగులకు ఎత్తేస్తే గోడలనిండా తీగలు వేలాడతాయి, ఏటా రెండు రోజుల కోసం మిగతా రోజులన్నీ ఇబ్బంది పడతారు.

ఎత్తడం కంటే విడదీయించండి. కింది ప్లగ్గులన్నీ ఒక ఎంసీబీ మీద, లైట్లు ఫ్యాన్లు ఇంకో ఎంసీబీ మీద. నీళ్లు వాకిట్లోకి వచ్చాయనగానే కింది ప్లగ్గుల ఎంసీబీ దించేస్తే, ఇంట్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. నీళ్లు ప్లగ్గుల దాకా ఎక్కేట్లుంటే మెయిన్ కూడా దించేయాలి. ఎంసీబీ పెట్టె అడుగు అంచు నాలుగున్నర అడుగులు ఉండి, ఏది దేనిదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించాలి. అమ్మగారు కళ్లజోడు లేకుండా చదవగలగాలి. ఇన్వర్టర్, దాని బ్యాటరీ మాత్రం నేల మీద వద్దు, రెండడుగుల అరుగు కట్టించి దాని మీద పెట్టించండి. వీధి వైపు ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ ప్లగ్ పెట్టాలనుకుంటే నాలుగడుగులు, వాన తగలని చోట, మూత ఉన్నది. బోరు మోటారు స్టార్టర్ ఐదడుగులు.

మెయిన్ ఆగ్నేయంలోనే ఉండాలని ఎవరైనా అంటే వాదన పెట్టుకోకండి. ఆ మూలలో కుళాయి, సింకు లేకుండా చూసుకుంటే నాకూ అభ్యంతరం లేదు.

ఆఖరుగా, మీరు బెంగళూరులో ఉంటారు కాబట్టి. గాడులు కొట్టి గొట్టాలు, పెట్టెలు బిగించాక, మేస్త్రీ పూత పూయకముందు, ప్రతి గోడకూ టేపు పక్కన పెట్టి ఫోటో తీసి పంపమనండి. ఆ ఫోటోలు చూసి మంచం, ఫ్రిజ్, కూలర్ చోట్లు సరిపోయాయో లేదో అక్కడి నుంచే చెప్పవచ్చు. పెట్టె అంచు పూతతో సమంగా రావాలి, లోపలికి కూరుకుపోతే స్విచ్ పలక గోడకు అతుక్కోదు. తర్వాత ఎప్పుడైనా గోడకు మేకు కొట్టాలన్నా ఈ ఫోటోలే దిక్కు. హాలు, పడకగది కొలతలు, మంచం సైజు పంపితే ఏ గోడకు ఏ బోర్డో గీసి చెబుతాను.